కుప్పమ్మాళ్ కర్ర నిలిపిన చోటు

నువ్వు చేసే ఉద్యోగమేమిటని ఎవరైనా అడిగితే కుప్పమ్మాళ్ ఒకటే జవాబు చెప్పేది. "కర్ర పట్టుకుంటా." వినేవాళ్లు నవ్వేవాళ్లు. మేకలు కాస్తావా అని రేషన్ క్యూలో ఒకావిడ నిజంగానే అడిగింది.

అది మామూలు కర్ర కాదు. అల్యూమినియంది. లాగితే ఒకదాన్లోంచి ఒకటి సాగి నాలుగు మీటర్ల ఎత్తు లేస్తుంది. కింది నుంచి పై దాకా ఎరుపూ నలుపూ గళ్లు, వాటి పక్కన అంకెలు. రోడ్డు వేయాలన్నా కాలవ తవ్వాలన్నా ముందు ఆ నేల ఎత్తెంతో తెలియాలి కదా. ఇంజనీరు మూడుకాళ్ల స్టాండు మీద మిషను బిగించి దూరం నుంచి అందులోకి చూస్తాడు. కుప్పమ్మాళ్ కావలసిన చోట కర్ర నిలిపి పట్టుకుంటుంది. ఆయన అంకె చదివి పుస్తకంలో రాసుకుని చెయ్యి ఊపితే, కర్ర భుజాన వేసుకుని ఇంకో చోటికి నడుస్తుంది. పుదుచ్చేరిలో ఆమె నిలబడని వీధి లేదు. బడి వరండాల్లో, శ్మశానం గేటు ముందు, కాలవల్లో మోకాలి లోతున, వైతికుప్పం ఒడ్డున ఆరేసిన వలల మధ్య అలా నిలబడే ఇరవై ఏడేళ్లు గడిచిపోయాయి.

ఆ పని మొదట ఆమె భర్త ఇరుసప్పన్‌ది. పచ్చకామెర్లు వచ్చి పంతొమ్మిది రోజుల్లో పోయాడు. ఇద్దరు పిల్లలు. ఆఫీసువాళ్లు దయ తలచి ఆయన ఉద్యోగం ఆమెకిచ్చారు, ఆయన పట్టిన కర్రే ఆమె చేతికిచ్చారు. "నిటారుగా పట్టు, కదలొద్దు," ఇంతే నేర్పింది. మిగతాది ఆమె తనంతట తానే నేర్చుకుంది. మడమలు కలిపి నిలబడడం, రెండు అరచేతుల మధ్య కర్రను బిగించకుండా నిలపడం, అవతల అంకె చదివేటప్పుడు ఊపిరి బిగబట్టడం. తమిళం మూడో తరగతి దాకా చదివింది. ఇంట్లో మాట్లాడే తెలుగుకు అక్షరాలుంటాయని తెలుసుగానీ అవి ఎలా ఉంటాయో ఎరగదు. అంకెలు మాత్రం బాగా వచ్చు. అయినా ఆ అంకెలతో ఆఫీసులో ఏం చేస్తారో ఎవరూ చెప్పలేదు, ఆమే అడగలేదు.

కిందటి కార్తీకంలో తుపాను వచ్చింది. నటేశన్ నగర్‌లో, ఇందిరా నగర్‌లో అయిదు రోజులు నీళ్లు కదల్లేదు. మంచాల మీద స్టవ్వులు పెట్టుకుని వండుకున్నారు. పడవల్లో పాలప్యాకెట్లు పంచారు. నటేశన్ నగర్‌లోని కుప్పమ్మాళ్ ఇంట్లో కూడా తొడలోతు నీళ్లు వచ్చాయి. ఆ తరవాత ఊరంతా గోల చేస్తే, వాననీళ్లు తోడి కాలవలో పోసే పెద్ద పంప్‌హౌసు ఒకటి కట్టాలని పైవాళ్లు నిర్ణయించారు. ఎక్కడ కట్టాలన్నదే ప్రశ్న. పెద్ద ఇంజనీరు రఘునాథన్ పాత మ్యాపు తెరిచి, కాలవ పక్కన ఖాళీగా పడివున్న సర్కారు స్థలం మీద వేలు పెట్టాడు. మ్యాపు ప్రకారం చుట్టుపక్కల అదే పల్లం. ఇల్లు లేదు, గుడి లేదు, అడ్డుపడే మనిషి లేడు. ఇక ఫైలులో పెట్టడానికి కొత్తగా లెవెల్స్, అంటే నేల ఎత్తులు, తీస్తే చాలు. ఆ పనికి కొత్తగా చేరిన మనోజ్ఞను పంపాడు.

మనోజ్ఞకు ఇరవై ఎనిమిదేళ్లు. వాళ్ల నాన్న వెంకటకృష్ణయ్యకు బజారులో ఇత్తడి సామాన్ల కొట్టుంది. మొదటి రోజు ఇద్దరూ తమిళంలోనే మాట్లాడుకున్నారు. బీచ్ రోడ్డు దగ్గర పాత కట్టడం మెట్టు మీద రాతిలో చెక్కిన బాణం గుర్తు ఒకటుంది. దాని ఎత్తు ఖాయంగా తెలుసు. ఏ కొలతైనా అక్కణ్నుంచే మొదలు. కుప్పమ్మాళ్ చెప్పులు విడిచి ఆ రాతి మీద కాలు పెట్టింది. మాఘమాసపు ఎండే అయినా రాయి కాలుతోంది.

"అబ్బ, ఏందిరా సామీ ఈ కాక!" అని గొణిగింది.

మిషను దగ్గర్నుంచి మనోజ్ఞ తలెత్తింది. "అక్కా, మీ ఇంట్లో తెలుగా?"

"ఆమా, తెలుగే మేడమ్మా. మా తాత కాలం నుంచి ఈడనే ఉండాము."

"మేమూ అంతే. ఆఫీసులో ఇన్నాళ్లూ ఒక్కరూ దొరకలా నాకు!"

ఆ పూట నుంచి వాళ్ల మాటలు తెలుగులోకి మారిపోయాయి. మనోజ్ఞది కొట్టు ఇంటి తెలుగు, కుప్పమ్మాళ్‌ది కాలనీ తెలుగు. రెంటిలోనూ తమిళం సగం.

మూడో రోజు నీడలో మజ్జిగ తాగుతున్నప్పుడు మనోజ్ఞ అడిగింది, "అక్కా, ఇన్నేళ్లలో మిషనులోకి ఎప్పుడైనా చూసినావా?"

"నేనా? దాన్ని తాకనిచ్చేది ఎవురు?"

"రా. ఇప్పుడు చూడు. నేను పోయి కర్ర పట్టుకుంటా."

మనోజ్ఞ వీధి చివరకు నడిచి కర్ర నిలిపింది. మామూలు కంటికి ఆమె వేలెడంత కనిపిస్తోంది. కుప్పమ్మాళ్ కొంగుతో ముఖం తుడుచుకుని, వంగి, ఒక కన్ను మూసి అద్దంలోకి చూసింది. చూసి ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. మళ్లీ వంగింది. అంత దూరాన ఉన్న కర్ర ముక్కుకు తగిలేట్టు నిలబడివుంది. ఎర్రగళ్ల అంచున చీమ పాకుతోంది. దాని కాళ్లు కనిపిస్తున్నాయి. కర్రను పట్టుకున్న వేళ్ల మీద పసుపు మరక కనిపిస్తోంది. అన్నిటికీ అడ్డంగా, తలవెంట్రుక కంటే సన్నని నల్లగీత. మనోజ్ఞ చెయ్యి కాస్త కదిలిందో ఏమో, అంకె ఆ గీత దగ్గర వణికింది.

మనోజ్ఞ తిరిగొచ్చేసరికి కుప్పమ్మాళ్ స్టాండు పక్కన రోడ్డు మీదే కూర్చుని ఉంది.

"ఏమైంది అక్కా?"

"చేయి వణికితే ఇంత బాగా కనిపిస్తాదా మేడమ్మా?"

"కనిపిస్తాది."

"ఆయన పోయిన కొత్తల్లో నా చేయి నిలిచేది లేదు. రోజంతా వణికేది. ఎవురికీ తెలియదనుకుంటి." కొంగుతో అరచేతులు తుడుచుకుంది. "అప్పటి ఇంజనీరు సారు చూసుంటాడు. చూసి కూడా ఒక్క మాట అన్లేదు ఆ మహానుభావుడు. చేయి నిలిచిందాకా కాచుకుని ఉండాడు."

పది రోజులు ఊరు నడిచారు. బీచ్ రోడ్డు నుంచి పడమరకు, వీధి తరవాత వీధి. ఒక్కో అంకె చెప్పాక మనోజ్ఞ ఇప్పుడు దాని అర్థం కూడా చెప్పేది. ఒక మధ్యాహ్నం ఇందిరా నగర్ మొదట్లో నిలబడి, "అక్కా, ఇప్పుడు నువ్వు నిలబడిన చోటు బీచ్ రోడ్డు కంటే ఎంత కిందుందో తెలుసా? రెండు నిలువుల లోతు," అంది.

కుప్పమ్మాళ్ నమ్మలేదు. "సముద్రం ఒడ్డు ఎత్తా? ఇది పల్లమా? అట్లెట్ల అవుతాది? నీళ్లు సముద్రానికే కదా పోయేది!"

"ఎప్పుడో సముద్రం ఇసక తెచ్చి ఒడ్డున గట్టు పోసింది. ఆ గట్టు మీద బీచ్ రోడ్డుంది. మనం దాని వెనకాల ఉండాము. ఈడ పడిన వాన సముద్రానికి పోలేదు, దానికి వీపు తిప్పుకుని ఇట్లా వస్తాది."

కుప్పమ్మాళ్ తూర్పు వైపు చూసింది. రోడ్డు చదునుగా, అరచెయ్యిలా ఉంది. ఇన్నేళ్లూ రోజూ నడిచిన ఊరు. అందులో ఇంత దిగుడుందని తన కాళ్లకు తెలియలేదు.

లెవెల్స్ పూర్తయ్యాక మనోజ్ఞ ఆఫీసు హాల్లో బల్లలు జరిపించి, నేల మీద నాలుగు పెద్ద కాగితాలు కలిపి అతికించింది. అంకెలన్నీ వాటి చోట్ల వేసింది. ఒకే ఎత్తున్న చుక్కలను నీలం పెన్సిలుతో కలుపుకుంటూ పోయింది. గీత వెంట గీత, వంకరలు తిరుగుతూ, ఒకదాని లోపల ఒకటి. కుప్పమ్మాళ్ గోడకానుకుని చూస్తోంది. మొదట ఏమీ అర్థం కాలేదు. ఉన్నట్టుండి ఆకారం కళ్లకు కట్టింది.

"మేడమ్మా! ఇది చేట మాదిరి ఉండాది కదా!"

"అవునక్కా, చేటే!"

బియ్యం చెరిగే చేట. మూడు వైపులా అంచులు లేచి, నడిమికి వాలుతూ. ఆ గీతల మధ్య ప్రతి చుక్కా తను నిలబడిన చోటే. కుప్పమ్మాళ్ చెప్పులు బయట విడిచి వచ్చి కాగితం అంచున మోకాళ్ల మీద కూర్చుంది. గుళ్లో గర్భగుడి ముందు కూర్చున్నట్టు కూర్చుంది. తన ఊరు ఇలా ఉంటుందని తెలియకుండానే ఇన్నేళ్లూ దాని మీద తిరిగింది.

అన్నిటికంటే లోపలి గీత, అన్నిటికంటే పల్లాన్ని చూపేది, కోడిగుడ్డంత చిన్న గుండ్రం, రఘునాథన్ చెప్పిన ఖాళీ స్థలంలో లేదు. ఇందిరా నగర్ లోపల, రేషన్ షాపు ఎదుట, మారియమ్మ పండగకు జనం పొంగళ్లు పెట్టుకునే మైదానంలో ఉంది. ఖాళీ స్థలం దానికంటే మూరెడు ఎత్తు.

రఘునాథన్ కాగితం చూసి నుదురు రుద్దుకున్నాడు. మంచివాడే, కానీ ఫైలు వెనక్కి నడవడం ఆయనకు నచ్చదు. "పాత మ్యాపులో ఈ మైదానం ఎత్తు రెండు మీటర్ల పాతిక. నువ్వు ఒకటీ అరవై అంటున్నావు. నేల కుంగిందా ఏమిటి?" అన్నాడు తమిళంలో. తరవాత గొంతు తగ్గించి, "కర్ర సరిగ్గా లాగి బిగించకపోతే ఇలాగే తప్పొస్తుందమ్మా. ఆవిడకు వయసైంది. వచ్చే ఏడు రిటైరు," అన్నాడు.

కుప్పమ్మాళ్ గుమ్మం దగ్గరే ఉంది. ఒంట్లో రక్తమంతా మొహానికొచ్చినట్టయింది. అయితే కోపం కంటే ముందు ఇంకేదో గుర్తుకొచ్చింది. లోపలికి వచ్చి, పాత మ్యాపు మీద ఆ అంకె ఎక్కడుందో చూపమని అడిగింది. చూసింది. మూల మీద మ్యాపు వేసిన సంవత్సరం చూసింది.

"సార్," అంది తమిళంలో, చేతులు కట్టుకుని. "ఈ మ్యాపుకు కర్ర పట్టింది నేనే. నేను చేరిన ఏడు. అప్పుడు ఆ మైదానం మైదానం కాదు. మొగలి పొదలు, బురద, పాములు. ఆ రోజు ఇంజనీరు దొర అటు చూసి వద్దులే అన్నాడు. రోడ్డు మీద ఇటొకటి అటొకటి తీసుకుని నడుమ ఉజ్జాయింపుగా అంకె వేసుకున్నాడు. అక్కడ నేను నిలబడలేదు సార్. ఆ అంకె కింద ఎవరూ నిలబడలేదు."

రఘునాథన్ వంగి మ్యాపు మూల మీద సంవత్సరం తానూ చూశాడు. అన్నేళ్లలో ఆమె ఆయనతో అన్ని మాటలు ఎన్నడూ మాట్లాడలేదు.

"సరే," అన్నాడు చివరికి. "మళ్లీ తీయండి. రాతి గుర్తు దగ్గర మొదలుపెట్టి మైదానం దాకా పోయి, తిరిగి రాతి దగ్గరకే రండి. మొదటి అంకె మళ్లీ వస్తే నమ్ముతాను."

రెండు రోజుల నడక అది, రానూ పోనూ ఆరు కిలోమీటర్లు. కర్రను లాగిన ప్రతిసారీ టక్కుమని బిగిసేదాకా కుప్పమ్మాళ్ మూడుసార్లు చూసుకుంది. అడుగున మట్టి అంటితే కొంగుతో తుడిచింది. బండ్లు హారన్ కొట్టినా, కుక్క వచ్చి కాళ్లు వాసన చూసినా కదల్లేదు. రెండో రోజు నాలుగింటికి బీచ్ రోడ్డు చేరి, బాణం గుర్తు రాతి మీద కర్ర ఆనించింది. సముద్రం గాలి విసురుగా ఉంది. కర్రను ఛాతీకి దగ్గరగా తీసుకుని ఊపిరి బిగబట్టింది.

మనోజ్ఞ చదివింది. పుస్తకంలో కూడికలు వేసింది. మళ్లీ వేసింది. పుస్తకం చేత్తో పట్టుకునే పరుగెత్తుకుంటూ వచ్చింది.

"మూడు మిల్లీమీటర్లు అక్కా! ఊరంతా తిరిగొస్తే మూడే మిల్లీమీటర్లు తేడా! పాతికపైన పోయినా తప్పు కాదంటారు మా పుస్తకాల్లో!"

"మూడంటే ఎంత?"

మనోజ్ఞ రెండు బియ్యపుగింజలు పక్కపక్కన పెట్టినట్టు వేళ్లతో చూపించింది.

కుప్పమ్మాళ్ కిందికి, రాతి కేసి చూసింది. ఇక్కడ బయల్దేరి ఎన్నో సందులు దిగి, కాలవలు దాటి, జనంలోంచి నడిచి మళ్లీ వస్తే ఆ రాయి తన ఎత్తు తాను అంతే చెబుతోంది. "అమ్మా తల్లీ," అంది. ఆ మాట రాయితో అందో మనోజ్ఞతో అందో ఆమెకే తెలియలేదు.

అంకెలు నెగ్గినా మైదానం దక్కలేదు. ఇందిరా నగర్ పెద్దమనిషి జయరామన్, మిల్లులో పనిచేసి రిటైరైనవాడు, కాలనీవాళ్లను కూడగట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. పంపు మోత, మురుగు వాసన తమకొద్దన్నాడు. తమ మైదానంలో నీళ్లే నిలవవన్నాడు. తుపానులో ఊరంతా మునిగినప్పుడు ఏది పల్లమో ఎవరికి తెలుసన్నాడు. అదీ నిజమే. రఘునాథన్ ఫైలు పక్కన పెట్టాడు.

మేనెలలో ఒక మిట్టమధ్యాహ్నం వేసవి వాన పట్టుకుంది. మనోజ్ఞ జీపు తీయించి, రఘునాథన్‌నూ కుప్పమ్మాళ్‌నూ ఎక్కించుకుని ఇందిరా నగర్ పోయింది. రేషన్ షాపు మెట్ల మీద నిలబడ్డారు. జయరామన్ అప్పటికే గొడుగేసుకుని అక్కడున్నాడు.

మైదానం ఇంకా చెమ్మగా మాత్రమే ఉంది. "చూశారా?" అన్నాడాయన.

"కాసేపు ఆగండి అయ్యా," అంది మనోజ్ఞ.

అప్పుడు నీళ్లు వచ్చాయి. ఉరుకులు లేవు, చప్పుడు లేదు. ఎడమ సందులోంచి ఒక పాయ, పాలబూత్ వెనకనుంచి ఒక పాయ, నటేశన్ నగర్ దిక్కు నుంచి వెడల్పుగా మూడోది. ఎవరో పిలిస్తే వచ్చినట్టు వచ్చాయి. కుప్పమ్మాళ్ చెయ్యి తనకు తెలియకుండానే మనోజ్ఞ భుజం మీద పడింది. ఆమె కళ్ల ముందు నీలం పెన్సిలు గీతలు లేచి నడుస్తున్నాయి. ఈ వంపు దగ్గర ఇలా తిరగాలి, తిరిగింది. ఈ గోడ దాటి ఇటు వాలాలి, వాలింది. చెత్తా, ఎండుటాకులూ, ఎవరిదో హవాయి చెప్పు ఒకటీ తేలుతూ వచ్చి మైదానం నడుమ, ఆమె కర్ర నిలిపిన సరిగ్గా ఆ చోట, నెమ్మదిగా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి.

జయరామన్ గొడుగు మూశాడు. "ప్రతి వానకూ ఇంతే," అన్నాడు తమిళంలో, మెల్లగా. "మాకు తెలుసు. పైకి చెప్పలేదు. చెబితే మైదానం తీసేసుకుంటారని."

తరవాత కుప్పమ్మాళ్ వైపు తిరిగాడు. "మీరు చెప్పండమ్మా. మా ఆడవాళ్లు పొంగళ్లు ఎక్కడ పెట్టుకోవాలి?"

అది ఇంజనీర్లను అడగాల్సిన ప్రశ్న. అయినా ఆయన ఆమెను అడిగాడు. కుప్పమ్మాళ్ మనోజ్ఞను తెలుగులో అడిగింది. "మేడమ్మా, నీళ్ల తొట్టి భూమి కింద ఉంటాది కదా. దాని పైన మూత వేస్తాము కదా. ఆ మూత మీద పొయ్యిలు పెట్టుకుంటే ఆగుతాదా?"

మనోజ్ఞ రఘునాథన్ మొహం చూసింది. తమిళంలో చెప్పింది. ఆయన వానలో తడిసిన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "స్లాబు మందం పెంచితే ఆగుతుంది," అన్నాడు. "మోటార్లు కూడా నీళ్లలో మునిగి నడిచేవి పెడదాం. అప్పుడు మోత ఉండదు." ఇంకో నెలకు మైదానమే ఖాయమైంది. మూల మీద స్విచ్చుల గది ఒకటి తప్ప పైకేమీ కనిపించదన్న మాట కాగితం మీద రాసి ఇచ్చాకే జయరామన్ సంతకం పెట్టాడు.

తవ్వకం మరుసటి జనవరిలో, వానలు వెనకబట్టాక మొదలైంది. మొదట నల్లటి బంకమట్టి వచ్చింది. మూడు మీటర్లు దాటాక ఒక ఉదయం మట్టి రంగు మారింది. తెల్లటి ఇసక, దానినిండా గవ్వలూ ఆల్చిప్పలూ. కూలీలు పారలు ఆపి చూశారు. కాలనీ అంతా గుంట చుట్టూ చేరింది. నడి ఊళ్లో, సముద్రానికి అంత దూరంలో.

"సముద్రం ఒకప్పుడు ఈడ ఉన్నింది అక్కా," అంది మనోజ్ఞ.

"ఎప్పుడు?"

"వేల ఏళ్ల ముందు."

గుంట అడుగు లెవెల్ తీయాలి. ఊట నీళ్లు తోడే మోటారు ఆడుతోంది. ఇంకొకర్ని దింపుదామన్నారు, ఆమె వయసు చూసి. కుప్పమ్మాళ్ ఒప్పుకోలేదు. ఇన్నేళ్ల ఉద్యోగానికి ఇంకా రెండు నెలలే మిగిలాయి. చీర కుచ్చెళ్లు దోపుకుని, వెదురు నిచ్చెన మెట్టుమెట్టుకూ ఆగుతూ దిగింది. కింద చల్లగా ఉంది. ఇసకలో పాదాలు చీలమండల దాకా దిగబడ్డాయి. పైన ఆకాశం నలుచదరంగా, దాని అంచులంతా తలకాయలు. కర్ర లాగింది. టక్కుమని బిగిసింది. గవ్వల మీద నిలిపింది.

గుంట గోడలో సగం లోతున వదిలిన మట్టి మెట్టు మీద మిషను పెట్టుకున్న మనోజ్ఞ గొంతు పైనుంచి వినిపించింది. "అక్కా! యాడ నిలబడినావో తెలుసా? సముద్రం కంటే రెండున్నర మీటర్లు కింద!"

కుప్పమ్మాళ్ తూర్పు వైపున్న మట్టిగోడ కేసి చూసింది. అటు, ఆ గోడకూ వీధులకూ ఇసక గట్టుకూ అవతల, తన తలకంటే ఎత్తున అంత నీరు ఆగి ఉంది. తన కాళ్లకు మాత్రం చెమ్మ తప్ప ఏమీ తగల్లేదు. గుండె దడదడలాడింది. భయం కాదది. పెద్దకోడలికి మొదటి కాన్పయినప్పుడు పసిదాన్ని చేతుల్లో పెడితే ఇలాగే కొట్టుకుంది.

"చదివేస్తిని అక్కా, ఇంక పైకి రా!"

"ఇంకొంచేపు ఉంటా మేడమ్మా," అని కేకేసింది. కర్రను కదలనివ్వకుండా పట్టుకుని అక్కడే నిలబడింది. ఎవరూ తొందరపెట్టలేదు.